మా బడికి శరదృతువు మంజూరైంది

అక్టోబరు నెల మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో మా బడికి శరదృతువు మంజూరైనట్టు ఫోనులో ఉత్తర్వు వచ్చింది. అంతకుముందు మా ఊళ్ళో శరదృతువు లేదని కాదు. పంచాంగంలో ఏటా వస్తూనే ఉంది. ప్రభుత్వ గుర్తింపు లేదు, అంతే. మా కొండ్రుపాడులో జనానికి తెలిసిన కాలాలు మూడే: ఎండ, వాన, మిరపకోత.

ఉత్తర్వు పంపినవారు ఋతు విద్యా ప్రత్యేకాధికారి విశ్వంభరరావు గారు. బడులు ఎలా నడపాలో చూసి రమ్మని నిరుడు ఆయన్ని ఏదో చలిదేశానికి పంపితే తొమ్మిది రోజులు ఉండి వచ్చారు. అక్కడ ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు ఎర్రటి ఆకులు ఏరుకొచ్చి కాగితాల మీద అంటిస్తున్నారట. ఆకుల కథలు చదువుతున్నారట. ఉడతలు గింజలు దాచుకోవడం చూసి పుస్తకంలో రాసుకుంటున్నారట. ఆ పిల్లలకు చదువు బ్రహ్మాండంగా వస్తోంది. తరగతికి ఇద్దరు టీచర్లు ఉండటం, పైకప్పు పెచ్చులు రాలకపోవడం ఆయన కంట పడలేదు. ఆకులు పడ్డాయి. చదువంతా ఆకుల్లోనే ఉందని తొమ్మిదో రోజున తేల్చుకుని విమానం ఎక్కారు.

ఉత్తర్వులోని ముఖ్యాంశం ఇది: "సమస్త ప్రాథమిక పాఠశాలలయందు అక్టోబరు నెల యావత్తూ శరదృతు కళా, పఠన, ప్రకృతి మాసోత్సవము నిర్వహించవలెను. ప్రతి విద్యార్థియు సహజముగా రాలిన ఎరుపు, పసుపు, నారింజ వర్ణపు పత్రములతో చిత్రము రూపొందించి యాప్‌నందు నమోదు చేయవలెను. ఆకుపచ్చని ఆకులు స్వీకరింపబడవు."

ఫోటో తీసి యాప్‌లో పెడితే అది ఒక అంకె చెబుతుంది. దాని పేరు శరద్వర్ణ శాతం. నలభైకి తగ్గిన బడి 'ఋతు వెనుకబాటు పాఠశాల' అవుతుంది. ఋతువులో వెనకబడ్డ బడిని దగ్గరలోని మరో బడిలో కలిపేస్తారు.

చివరి వాక్యం చదివేసరికి నా నవ్వు ఆగిపోయింది. మాకు దగ్గరలోని బడి అంటే నాలుగు కిలోమీటర్ల అవతల, లారీలు తిరిగే పెద్దరోడ్డు దాటాలి. రెండేళ్ళ కిందట పక్క కాలనీ బడిని అలాగే కలిపారు. మగపిల్లలు వారం రోజులు సరదాగా నడిచారు. ఆడపిల్లల్ని మాత్రం తల్లిదండ్రులు రోడ్డు దాటనివ్వలేదు. పదకొండు మందిలో ఏడుగురు ఇప్పుడు మిరపచేలల్లో ఉన్నారు. మా బడిలో ఇరవై ముగ్గురు పిల్లలు, వాళ్ళలో పద్నాలుగు మంది ఆడపిల్లలు. టీచర్ని నేనొక్కదాన్నే. ఒక గది పెచ్చులూడుతోందని తాళం వేశాం. నాలుగు, అయిదు తరగతులు మిగిలిన గదిలో, ఒకటి నుంచి మూడు దాకా బయట కానుగచెట్టు కింద. నేను రెంటికీ మధ్య తిరుగుతూ ఉంటాను. నా పేరు శేషకుమారి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం ఆ గుమ్మానికీ ఆ చెట్టుకీ మధ్యే గడిచింది.

మొదటిరోజు ఆకులు ఏరడానికి పిల్లల్ని ఊరి మీదకు తీసుకెళ్ళాను. అప్పటికి నాలుగు రోజులుగా ముసురు. కానుగ, వేప, తుమ్మ, అన్నీ కడిగిపెట్టినట్టు పచ్చగా ఉన్నాయి. మా వైపు చెట్లు అక్టోబరులో ఆకు రాల్చే పని పెట్టుకోవు. ఊరంతా గాలిస్తే ఒక పండుటాకు దొరికింది. అది చూపించి పాఠం చెబుతుండగా మేక తినేసింది. చివరికి గాలివానకు రాలిన పచ్చాకులతోనే బొమ్మలు చేయించి ఫోటో పెట్టాను. మూడు శాతం వచ్చింది. ఆ మూడూ ఫోటో అంచున పడిన నా చీర కుచ్చిళ్ళవి.

మధ్యాహ్నానికి మండల విద్యాధికారి పరంధామయ్య గారు ఫోను చేశారు. చెడ్డవారు కాదు. పైనుంచి ఏది పడితే అది పట్టుకుని కిందకు విసరడం ఆయన ఉద్యోగం. ఆకులు ఎందుకు రాలలేదో సంజాయిషీ ఇమ్మన్నారు. చెట్టు నా ఆధీనంలో లేదండీ అన్నాను. చెట్టు బడి ఆవరణలో ఉందా లేదా అని అడిగారు. ఉందన్నాను.

"అయితే అది మీ పరిపాలనా పరిధిలోనిదే. ఫలితానికి మీరే బాధ్యులు" అన్నారు.

రెండోవారం పఠన కార్యక్రమం. 'నారింజ ఆకు ప్రయాణం' అనే పుస్తకం ఇరవై ముగ్గురికి రెండు ప్రతులు వచ్చాయి. అందులో ఒక ఎలుగుబంటి, ఒక ఉడత, ఉన్ని టోపీలు పెట్టుకున్న ఇద్దరు పిల్లలు. పఠన సమయంలో విద్యార్థులు 'ఋత్వనుగుణ వస్త్రధారణ'లో ఉండాలని నిబంధన. వాన వెలిసి ఉక్కపోతగా ఉంది. ఊరు మొత్తం మీద మంకీ టోపీలు మూడు దొరికాయి, అందులో ఒకటి ఉబ్బసం ఉన్న తాతది, గంటలో తిరిగి ఇచ్చేయాలి. మిగతా పిల్లలకు తువ్వాళ్ళు చుట్టాం. చెమటలు కారుతుండగా మా పిల్లలు చలిదేశపు ఎలుగుబంటి గురించి చదివారు. మంచు అంటే ఏమిటని ఒకటో తరగతి పిల్ల అడిగితే, బండి మీద అమ్మే ఐసు నేలంతా పరిచి ఉంటుందని చెప్పాను. అంత ఐసు ఉండగా వాళ్ళకి టోపీలెందుకు, తింటూ కూర్చోవచ్చుగా అంది. నేను పేజీ తిప్పమన్నాను.

ఆ పుస్తకాన్ని మూడు రోజుల్లో మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివింది సువార్త. మూడో తరగతి. ఆ పిల్ల కంట పడిన అక్షరం తప్పించుకోలేదు. ఎరువుల బస్తాల మీది రాతలు, పురుగుమందు డబ్బాల మీది హెచ్చరికలు, బస్సు వెనక రాసిన పేర్లు, అన్నీ పైకి చదువుతుంది. మరో పుస్తకం లేదా టీచర్ అని రోజూ అడుగుతుంది. నాకు బడి ఉండాలని ఎందుకంత పట్టుదల అని ఎవరైనా అడిగితే ఈ పిల్లను చూపించేదాన్ని. పెద్దరోడ్డు దాటనివ్వని ఇంట్లోనే ఇది కూడా పుట్టింది.

ప్రకృతి పరిశీలన కూడా అయింది. "శీతకాల నిద్రకు సిద్ధమగుచున్న ఒక జీవిని పరిశీలించి ఐదు వాక్యములు వ్రాయుము." పిల్లలు ఊరంతా తిరిగి వచ్చారు. సువార్త ఇలా రాసింది: "నేను చూసిన జీవి మా నాన్న. మధ్యాహ్నం అన్నం తింటాడు. తిని అరుగు మీద పడుకుంటాడు. లేపితే కసురుతాడు. చలికాలం ఇంకా ఎక్కువ పడుకుంటాడు." యాప్ దానికి 'అత్యుత్తమ క్షేత్ర పరిశీలన' అని పతకం బొమ్మ ఇచ్చింది. అయినా అసలు లెక్క ఆకులదే. మా శాతం మూడు దగ్గరే కూర్చుంది. గడువు వారం ఉంది.

ఆ సాయంత్రం సువార్త తల్లి ఏస్తేరమ్మ కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి, నేను పచ్చాకుల ముందు చతికిలబడి ఉండటం చూసింది. సంగతి విని నవ్వలేదు. బడి పోతుందా అని మాత్రం అడిగింది. పోతుందన్నాను.

"పసుపూ సున్నం ఉండగా రంగులకేం కరువు టీచరమ్మా. పసుపు రాస్తే పసుపు. పైన సున్నం బాగా తగిలిస్తే ఎరుపు. కాస్త తగిలిస్తే మీ యాపు అడిగే ఆ మూడోది" అంది.

మర్నాడు మా బడి పెళ్ళిల్లయింది. పారాణి కలిపారు. పిల్లలు ఒక్కో ఆకును తుడిచి, ఆరబెట్టి, రంగు పూశారు. మోచేతుల దాకా పసుపు. ఆకులు సహజంగా రాలినవే కదా, గాలివానకు రాలాయి, నిబంధనకు భంగం లేదు. రంగు గురించి సహజమని ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఆ వాక్యం నేను ఏడుసార్లు చదివి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ నెల మొత్తంలో పిల్లలు సంతోషంగా ఉన్నది ఆ ఒక్కరోజే. ఎవరో ఎర్ర ఆకులతో కోడిని చేశారు. సువార్త రైలు చేసి పెట్టెల మీద ఊళ్ళ పేర్లు రాసింది. ఫోటోలు పెట్టాను. తొంభై ఒక్క శాతం.

నలభై దాటితే చాలనుకున్న నాకు తొంభై ఒకటి రావడమే పెద్ద పొరపాటని అప్పుడు తెలియలేదు. రాష్ట్రంలో మరే బడికీ అరవై దాటలేదట. మూడో రోజున పరంధామయ్య గారు స్కూటరు మీద స్వీటు పెట్టెతో వచ్చారు. స్వీటు నా చేతికిచ్చి, చెట్టు వైపు చూసి, మొహం వేలాడేశారు. ప్రత్యేకాధికారి స్వయంగా మా శరత్తును తిలకించడానికి వస్తున్నారు. శుక్రవారం.

"కింద చూస్తే తొంభై ఒక్క శాతం శరత్తు. పైన చూస్తే వర్షాకాలం. నివేదికకూ వాస్తవానికీ తేడా వస్తే వాస్తవాన్ని సరిచేసుకోవడం మన ధర్మం, టీచర్ గారూ" అన్నారు.

చెట్టుకు ఆకులుండకూడదని దాని అర్థం. ఒప్పుకోనన్నాను. మూడు తరగతుల పిల్లలు ఆ నీడలోనే కూర్చుంటారని, అది చెట్టు కాదు, మాకు గది అని చెప్పాను.  ఆయన, తొంభై ఒకటి తప్పని తేలితే మళ్ళీ మూడుకే వస్తామని, మూడంటే విలీనమని మెల్లగా చెప్పారు. నేను బడిని చూసి, చెట్టును చూసి, తలూపాను. ఆ తలూపినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పత్తి తీసే ఆడవాళ్ళు పదిహేను మంది వచ్చారు. నిచ్చెనలు వేసుకుని, నడుముకు సంచులు కట్టుకుని, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం అన్నం వేళకి చెట్టు దూసేశారు. రెండో తీతకు కూడా ఏమీ మిగల్లేదని ఏస్తేరమ్మ చూపించింది. పని అంటే వాళ్ళకు అంత నిక్కచ్చి. ఊళ్ళో మేకలన్నీ శుక్రవారం దాకా బడిలోనే ఉన్నాయి. హాజరు వేయలేదంతే.

మరి మేం ఎక్కడ కూచోవాల టీచర్ అని సువార్త అడిగింది. శుక్రవారం దాటనీయమ్మా అన్నాను. ఆ మూడు రోజులూ ఎండ మాడ్చింది. పిల్లలు కొమ్మల నీడలోకి వరసగా సర్దుకుని, ఆ నీడ జరిగినప్పుడల్లా వాళ్ళూ జరుగుతూ చదువుకున్నారు.

శుక్రవారం విశ్వంభరరావు గారు తెల్లటి లాల్చీలో వచ్చారు. బోడి చెట్టును చూడగానే ఆయన కళ్ళు చెమర్చాయి. చలిదేశంలో కూడా ఇంత సంపూర్ణమైన శరత్తు చూడలేదన్నారు. అయితే ఒక ఆకు రాలుతుండగా చూడాలని ఆయనకు కోరిక. అది పరంధామయ్య గారు ముందే ఊహించారు. బడి మేడ మీద ఏస్తేరమ్మ బృందం చాటల నిండా పారాణి ఆకులతో సిద్ధంగా కూర్చుని ఉంది. పరంధామయ్య గారు జేబురుమాలు ఊపగానే కుమ్మరించాలి.

సువార్త స్వాగతపత్రం చదివింది. తప్పు లేకుండా, తడబడకుండా చదివింది. తర్వాత ప్రత్యేకాధికారి లేచి, "ప్రకృతిమాత తన జీర్ణాభరణములను త్యజించు ఈ పవిత్ర తరుణమున" అనగానే రుమాలు ఊగింది. ఆకులు పడ్డాయి. సరిగ్గా వాటి వెనకే, మా వైపు అక్టోబరు నెలలో ఎప్పుడూ వచ్చేట్టే, వానా పడింది. పెద్దచుక్కల వాన. చెట్టు మామూలుగా ఉంటే కింద ఒక చుక్క పడేది కాదు. ఆకులు ఆయన నెత్తికీ భుజాలకూ అంటుకున్నాయి, రంగు కారింది. పావుగంటలో ఆయన పండగనాటి గడపలా ఉన్నారు. ఇక మన పని అయిపోయిందని నేనూ పరంధామయ్య గారూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఆయన లాల్చీ చూసుకుని, మైకు దగ్గరికి తిరిగి వచ్చారు. "శరత్తు నన్ను తన వర్ణాలతో అభిషేకించింది. ఈ వస్త్రమును ఉతకనివ్వను" అన్నారు.

ఉతికినా పోదని ఏస్తేరమ్మ మేడ మీదనుంచి పక్కావిడతో అనడం నాకు వినబడింది.

బడికి ఉత్తమ శరత్ పాఠశాల అవార్డు ఇచ్చారు. నాకు శాలువా కప్పారు. పిల్లలకు అరటిపళ్ళు పంచారు. బడి నిలబడిందని ఊరు ఊరంతా సంతోషించింది, నేను ఇంటికి వెళ్ళి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సోమవారం ఇంకో ఉత్తర్వు వచ్చింది. తొంభై ఒక్క శాతం సాధించిన ఉపాధ్యాయురాలి ప్రతిభ ఒక్క గ్రామానికే పరిమితం కారాదు గనుక నన్ను జిల్లా కేంద్రంలో 'శరత్ మహాశిక్షకురాలి'గా నియమించారు. శరదృతువును డిసెంబరు నెలాఖరు వరకు పొడిగించారు. పరుగెత్తుకుంటూ పరంధామయ్య గారి దగ్గరకు వెళ్ళి, ఆ బడికి నేనొక్కదాన్నే టీచర్నండీ అన్నాను. తెలుసు, ఆ విషయం పైవారి దృష్టికి తీసుకెళ్ళానన్నారు. కాగితం రెండో పేజీ తిప్పి చూపించారు. టీచరు లేని కారణంగా మా బడిని పెద్దరోడ్డు అవతలి బడిలో కలుపుతున్నారు.

"విలీనమేగదండీ ఇది" అన్నాను.

"కాదు కాదు. వెనకబడ్డ బడులకు విలీనం. మీది అవార్డు పొందిన బడి. దీన్ని గౌరవ విలీనం అంటారు" అన్నారు. ఆ మాట అంటూ ఆయన నా మొహం వైపు చూడలేదు.

జిల్లా కేంద్రంలో ఒక పెద్ద హాలు, ఏసీ, బ్యాచికి అరవై మంది టీచర్లు. చాలామంది నాలాగే ఒంటి టీచర్లు. ఎంత పసుపుకు ఎంత సున్నం, ఎంతసేపు ఆరాలి, ఏ ఆకుకు రంగు బాగా పడుతుంది, అన్నీ బోర్డు మీద రాసి చెప్పాను. మూడు రోజులు అలా నడిచింది. నాలుగో రోజు ఒక నడివయసు మాస్టారు చెయ్యెత్తి, మీ బడి ఇప్పుడు ఎట్టా నడుస్తంది మేడమ్ అని అడిగారు. మర్యాదకే అడిగారు.

చెబుదామని నోరు తెరిచాను. ఏడుపొచ్చింది. అరవై మంది ముందు ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, తలుపు వేసి రమ్మని చెప్పి, బోర్డు తుడిపేసి, అసలు పాఠం చెప్పాను.

"నలభైకి తగ్గితే బడి పోతుంది. మరీ పెరిగితే మీరు పోతారు, మీ వెనకే బడి పోతుంది. పదాకులు పూసి, పదాకులు పచ్చగా వదిలేయండి. నలభై దాటండి. యాభై దాటబాకండి" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ రాసుకున్నారు. తర్వాత వచ్చిన ప్రతి బ్యాచికీ అదే చెప్పాను. జనవరిలో ఫలితాలు వచ్చాయి. జిల్లాలో రెండువందల పన్నెండు ఒంటి టీచరు బడులు. ఒక్కటీ నలభైకి తగ్గలేదు. ఒక్కటీ యాభై ముట్టలేదు.

విశ్వంభరరావు గారు నివ్వెరపోయారు. మహాశిక్షకురాలు శిక్షణ ఇచ్చిన జిల్లాలో ఒక్క ప్రతిభావంతుడూ తయారు కాలేదేమని సంజాయిషీ అడిగారు. "ఈ జిల్లాయందు శరదృతువు సహజముగనే మధ్యస్థ స్వభావము గలది" అని రాసిచ్చాను. ఆ భాష ఈసరికి నాకూ పట్టుబడింది. కానీ ఆయన నమ్మలేదు. నా అసమర్థతకు క్రమశిక్షణా చర్యగా నన్ను అత్యంత మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలకు పంపాలని ఆదేశించారు.

అక్కడ చిక్కొచ్చింది. శిక్షకు సరిపడేంత మారుమూల బడుల్లో ఖాళీ లేదు. కావలసినంత మారుమూలగా ఉన్నవన్నీ అంతకుముందే కలిపేశారు. కొన్నాళ్ళు ఫైలు తిరిగింది. చివరికి పరంధామయ్య గారు ఒక ఉపాయం రాసి పంపారట: సదరు ఉపాధ్యాయురాలిని శిక్షించు నిమిత్తం కొండ్రుపాడు పాఠశాలను తిరిగి తెరవవచ్చునని. తెరిచారు. ఉత్తర్వు నా చేతికిస్తూ ఆయన మొదటిసారి నా మొహంలోకి చూసి నవ్వారు.

ఫిబ్రవరిలో తాళం తీశాను. చెట్టు చిగురేసింది గానీ నీడ ఇంకా రాలేదు. ఇరవై రెండు మంది పిల్లలు వచ్చారు. సువార్త రాలేదు.

మధ్యాహ్నం పిల్లల్ని అన్నానికి పంపేసి చేలవైపు వెళ్ళాను. కోత ముమ్మరంగా ఉంది. గట్టు మీద నిలబడగానే ఘాటుకు తుమ్ములు వచ్చాయి. తల్లి పక్క సాలులోనే సువార్త, నడుముకు సంచి, చేతులకు గుడ్డలు చుట్టుకుని కాయలు కోస్తోంది. నన్ను చూసి నవ్వింది, చెయ్యి మాత్రం ఆపలేదు. 

బడి తెరిచామని చెప్పాను. విన్నామని ఏస్తేరమ్మ అంది. రేపటినుంచి పంపమన్నాను. ఆమె సాలు చివరిదాకా కోసి, నడుం నిలబెట్టి, నా దగ్గరకు వచ్చింది.

"పంపుతా టీచరమ్మా. కానీ మీరొక మాట ఇయ్యాల. ఇంకెప్పుడూ మంచి టీచరని పేరు తెచ్చుకోబాకండి. మీకు పేరొస్తే మాకు బడి పోతంది" అంది.

ఇరవై రెండేళ్ళుగా ఆ పేరు కోసమే పనిచేశానని ఆమెకు చెప్పలేదు. మిరప ఘాటు అంటిన ఆమె చేతిలో చెయ్యి వేసి, తెచ్చుకోనని ఒట్టు వేశాను. సువార్త సంచి విప్పి కాయలు గంపలో పోసి, చేతుల గుడ్డలు తల్లికి ఇచ్చి, నా వెంట వచ్చింది.